రాత ఎక్కడ ఆగుతోంది?

“రాయాలనే ఉంది, రాయబుద్ధి కావడం లేదు” అనే మాట శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా రాసేవాళ్లు నలుగురు కలిసిన చోట వినిపిస్తూనే ఉంటుంది. బడి పంతులు, బ్యాంకు ఉద్యోగి, పీహెచ్‌డీ సగంలో ఉన్న అధ్యాపకురాలు, ఏడాదికో కథ రాసే రైతు, అందరూ అదే అంటారు. కానీ ఆ మాట కింద రెండు వేర్వేరు ఇబ్బందులున్నాయి. మొదటిది వాయిదా: అసలు కాగితం దగ్గరికే వెళ్లరు. రెండోది రైటర్స్ బ్లాక్: వెళ్లి కూర్చుంటారు, వాక్యం కదలదు. ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయదు. కదలని వాక్యంతో కుస్తీ పడుతున్నవాళ్లకు “రోజూ కూర్చోండి” అని చెబితే ఒరిగేదేమీ లేదు. వాళ్లు కూర్చుంటూనే ఉన్నారు.

తమది ఏ ఇబ్బందో తేల్చుకోవడానికి ఒక వారం చాలు. గోడ క్యాలెండర్ మీద, కూర్చోని రోజున సున్నా చుట్టాలి. కూర్చుని కూడా ఐదు వాక్యాలు దాటని రోజున అడ్డగీత పెట్టాలి. వారం చివర సున్నాలు ఎక్కువ కనిపిస్తే వాయిదా, అడ్డగీతలు ఎక్కువ కనిపిస్తే బ్లాక్. రెండూ సమానంగా ఉంటే ముందు బ్లాక్ సంగతి చూడాలి. ఎందుకంటే కూర్చున్న ప్రతిసారీ భంగపడి లేచినవాళ్లు, కొన్నాళ్లకు కూర్చోవడమే మానేస్తారు.

వాయిదా ఎలా బలపడుతుంది

వాయిదా వేసే మనిషిని బద్ధకస్తుడు అనడం అన్యాయం. కథ రాయాల్సిన గంటలో అతను బీరువా సర్దుతాడు, కరెంటు బిల్లు కడతాడు, పిల్లల పుస్తకాలకు అట్టలేస్తాడు. బద్ధకస్తుడు చేసే పనులు కావవి. ఫుషియా సిరోయిస్, టిమొథీ పిచిల్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు వాయిదాను కాలం నిర్వహించుకోలేని లోపంగా కాక, మనసులోని చెడు భావాన్ని తప్పించుకునే పద్ధతిగా చూస్తారు. రాయాలి అనుకోగానే లోపల చిన్న బెరుకు పుడుతుంది: బాగా రాకపోతే? పని పక్కన పెట్టగానే ఆ బెరుకు పోతుంది, ప్రాణం తేలికపడుతుంది. ఆ తేలికే మనిషికి జీతం. జీతం ముట్టిన పనిని మర్నాడూ చేస్తాడు. అలా వాయిదా అలవాటుగా ముదురుతుంది.

వాయిదాలన్నిటిలో కనిపెట్టడం కష్టమైనది చదువు వేషంలో వచ్చేది. శ్రీకాకుళంలో కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెరిచిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. తెలుగు కథను వెతుక్కునేవాళ్లకు అంత మంచి చోటు మరొకటి లేదు. అయితే కథ మొదలుపెట్టక ముందు “ఈ విషయం మీద ఇప్పటికే ఎవరేం రాశారో అన్నీ చూసి మొదలుపెడదాం” అని అక్కడికి వెళ్లేవాళ్లు, చాలాసార్లు చూడటంతోనే ఆగిపోతారు. ముప్పై మంచి కథలు చదివాక తమ మొదటి పేరా ఎవరికైనా నాసిగానే కనిపిస్తుంది. ముందు ఒక చిత్తుప్రతి, ఎంత వికారంగా ఉన్నా సరే, పూర్తి చేసి వెళితే అదే చదువు పదింతలు పనికొస్తుంది. అప్పుడు ఏం వెతకాలో తెలిసి వెళతారు.

ఇంకో వేషం కథను నోటితో చెప్పేయడం. టీ కొట్టు దగ్గర మిత్రులకు కథంతా చెప్పి, వాళ్లచేత “బాగుందిరా” అనిపించుకుంటే రాయాలన్న తహతహ అక్కడికక్కడే సగం చల్లారుతుంది. చెప్పాలనిపిస్తే ఎత్తుగడ ఒక్కటే చెప్పి, ముగింపు దాచుకోవాలి.

విరుగుడు సంకల్పంలో కంటే అంటుగట్టడంలో ఉంది. “రేపు రాస్తాను” అన్నది నిలవదు. “పొద్దున చోడి అంబలి తాగి, గ్లాసు కడిగి బోర్లించగానే, వసారాలో కుర్చీలో కూర్చుని ఐదు వాక్యాలు రాస్తాను” అన్నది నిలుస్తుంది. ఇప్పటికే తప్పకుండా జరిగే పనికి కొత్త పనిని కట్టడమే ఇందులోని కిటుకు. “ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను” అనే ఇలాంటి ఒప్పందాల మీద జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ విస్తారంగా పనిచేశారు. కట్టే పని గడియారాన్ని బట్టి నడిచేది కాకుండా చూసుకోవాలి. ఆరు గంటలకు కరెంటు పోవచ్చు, చుట్టం రావచ్చు. గ్లాసు కడగడం మాత్రం ఏదో ఒక వేళకు జరుగుతుంది.

కొలత కూడా ముఖ్యమే. రూళ్ల లాంగు నోటుబుక్కులో, మామూలు దస్తూరీతో ఒక పేజీకి దాదాపు 150 మాటలు పడతాయి. రోజుకొక పేజీ, వారానికి ఐదు రోజులు అనుకుంటే 750 మాటలు. రెండు వేల మాటల కథ చిత్తుప్రతి మూడు వారాల్లోపే తయారవుతుంది. వారమంతా వదిలేసి ఆదివారం నాలుగు గంటలు కూర్చునే పద్ధతి ఇంతకంటే ఫలవంతంగా కనిపిస్తుంది కానీ కాదు. మొదటి గంట పోయినవారం ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవడానికే పోతుంది. చివరి గంటకు చెయ్యి, బుర్ర రెండూ అలసిపోతాయి. మధ్యలో ఒక్క ఆదివారం పెళ్లికి వెళ్లాల్సి వస్తే రెండు వారాలు గల్లంతు. అధ్యాపకుల రాత అలవాట్లను ఏళ్ల తరబడి పరిశీలించిన అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ బోయిస్ కూడా, రోజూ కొద్దికొద్దిగా రాసేవాళ్లే చివరికి ఎక్కువ రాస్తారని తేల్చారు.

ఈ అలవాటు 21 రోజుల్లో కుదురుకుంటుందన్న ప్రచారాన్ని నమ్మి నిరుత్సాహపడకూడదు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఒక చిన్న పని అలవాటుగా మారడానికి పట్టిన కాలం మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యస్థంగా 66 రోజులు. మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా అందులో తేలింది. నాలుగో వారంలో ఇంకా బలవంతంగానే కూర్చోవాల్సి వస్తోందంటే లోపమేమీ లేదన్నమాట.

వాక్యం కదలనప్పుడు

ఇక బ్లాక్ సంగతి. దీనికి చాలా కారణాలు చెబుతారు. ఉత్తరాంధ్రలో మాత్రం ఒక కారణం మిగతావాటి కంటే లోతుగా పాతుకుని ఉంది, దాని గురించి మాట్లాడుకోవడం తక్కువ. ఇక్కడి మనిషి ఒక తెలుగులో ఆలోచిస్తాడు, మరో తెలుగులో రాయడానికి కూర్చుంటాడు. ఇంట్లో, కళ్లంలో, సంతలో వాడే మాట కాగితం దగ్గరికి వచ్చేసరికి సిగ్గుపడి వెనక్కి తగ్గుతుంది. చిన్నప్పుడు బడిలో “నేదు” అంటే “లేదు అను” అని దిద్దించుకున్న చెయ్యి, నలభై ఏళ్ల వయసులోనూ ప్రతి వాక్యాన్ని పుట్టకముందే దిద్దుతుంది. బయటికి అది ఆలోచనలు రాకపోవడంలా కనిపిస్తుంది. నిజానికి ఆలోచనలు వస్తున్నాయి, గుమ్మం దగ్గరే వెనక్కి పంపేస్తున్నారు.

రాతకు, మాటకు మధ్య ఈ గోడను పడగొట్టాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి ఉత్తరాంధ్ర మనిషే. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. ఆ తేదీనే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆయన గెలిపించింది శిష్ట వ్యావహారికాన్ని, అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడుకునే భాషను. పత్రికల్లో స్థిరపడిన ఆ వ్యావహారికం కాలక్రమంలో మధ్య కోస్తా జిల్లాల మాటకు దగ్గరగా జరిగింది. దాంతో గ్రాంథికం పోయినా, నాగావళి, వంశధార ఒడ్డున రాసేవాళ్లకు రాతభాష మళ్లీ కొంచెం పరాయిదిగానే మిగిలింది.

తీరగ్రామాల నుంచి చాలా కుటుంబాల మగవాళ్లు చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వలస వెళతారు. అలా వెళ్లిన కొడుకు ఫోను కోసం ఎదురుచూసే తల్లి గురించి ఒకరు కథ రాయాలనుకున్నారని అనుకుందాం. అలవాటైన రాతభాషలో మొదటి వాక్యాలు ఇలా వస్తాయి:

“సంధ్యా సమయం. సాగర కెరటాలు తీరాన్ని ముద్దాడుతున్నాయి. పుత్రుడి క్షేమ సమాచారం కోసం ఆ మాతృమూర్తి హృదయం తల్లడిల్లుతోంది.”

నాలుగో వాక్యం రాదు. రాకపోవడానికి కారణం ఆ మూడింటిలోనే ఉంది. ఏ సముద్రమో తెలియదు, తల్లి ఏ తల్లైనా కావచ్చు. ఆమె బాధ ఏమిటో మూడో వాక్యంలోనే చెప్పేశారు కాబట్టి ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. ఇప్పుడు అదే సంగతి ఆ తల్లి పక్కింటామెతో అన్నట్టు రాస్తే:

“పోను రానేదు. మూడ్రోజులైపోనాది. మంగళారం మంగళారం సేస్తాడు గుంటడు. మరేటయినాదో.”

ఇందులో అలంకారం ఒక్కటీ లేదు. కానీ ప్రతి వాక్యం ఒక ప్రశ్నను వదిలిపెట్టింది. మంగళవారమే ఎందుకు చేస్తాడు? అదే పడవలో వెళ్లిన మిగతావాళ్ల ఇళ్లకు ఫోన్లు వచ్చాయా? వస్తే వాళ్లు ఈమెకెందుకు చెప్పలేదు? మూడు ప్రశ్నలకూ జవాబులు రాసుకుంటూ పోతే రెండు పేజీలు నిండుతాయి. బ్లాక్ తొలగడమంటే పెద్ద స్ఫూర్తి కలగడమేమీ కాదు. తర్వాతి వాక్యాన్ని అడిగే వాక్యం దొరకడం.

అలాంటి వాక్యాన్ని రప్పించే పద్ధతి ఇది. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ తెరవాలి. వినే మనిషిని ఒకరిని మనసులో నిలుపుకోవాలి: పిన్నో, మావో, చిన్ననాటి స్నేహితుడో, ఎవరి ముందు యాస దాచక్కర్లేదో ఆ మనిషి. మూడు నిమిషాలు, ఆపకుండా, ఆ మనిషికి చెబుతున్నట్టే సంగతి చెప్పాలి. తర్వాత దాన్ని విని చేత్తో రాసుకోవాలి. “ఎల్లిపోనాడు” అని వినిపిస్తే “వెళ్లిపోయాడు” అని సరిచేయకూడదు, విన్నది విన్నట్టే రాయాలి. మూడు నిమిషాల మాట రాయడానికి అరగంట దాకా పడుతుంది. ఈ అరగంటలోనే, చెబుతున్నప్పుడు తోచనివి రెండు మూడు గుర్తొస్తాయి. వాటిని మార్జిన్‌లో వేసుకోవాలి. వాయిస్ టైపింగ్ మీద ఆధారపడితే పని చెడుతుంది. అది యాసను తనకు తెలిసిన మాటల్లోకి మార్చేస్తుంది, వాక్యాలు ఎక్కడ ఆగాయో పట్టుకోదు. తెర మీద తప్పులు కనిపించగానే చెప్పడం ఆపి దిద్దడం మొదలుపెడతారు. తప్పించుకోవాలనుకున్నది సరిగ్గా దాన్నే.

కథ చివరికి ఏ భాషలో ఉండాలన్నది ఈ దశలో తేల్చాల్సిన విషయం కాదు. కథనం పత్రికా భాషలో, సంభాషణ యాసలో ఉంచవచ్చు. మొత్తం యాసలోనే నడపవచ్చు. పరిశోధన వ్యాసమైతే యాస పూర్తిగా తీసేయవచ్చు. అక్కడ కూడా మొదట మాట్లాడి రాసుకున్న వాదన, నేరుగా రాసినదాని కంటే సూటిగా ఉంటుంది. రెండో ప్రతిలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ఒకే పాత్ర ఒక పేజీలో “రానేదు” అని, మరో పేజీలో “రాలేదు” అని అంటే పాఠకుడికి పాత్ర జారిపోతుంది. తరచుగా వచ్చే పదిపదిహేను రూపాలను ఒక చీటీ మీద రాసి పెట్టుకుని, దాన్ని చూస్తూ సరిచూడాలి.

దిద్దే చెయ్యికి వేరే వేళ

ఆకుమడి చల్లిన రోజే కలుపు తీయడానికి ఎవరూ దిగరు. రాతలో మాత్రం ఆ రెండు పనులూ ఒకే గంటలో చేయాలని చూస్తారు. పుట్టించే పని, ఎంచే పని రెండూ కావాల్సినవే. కలిపితే రెండోది మొదటిదాన్ని నిలబడనివ్వదు.

విజయనగరంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో ప్రదర్శనకెక్కింది, 1897లో అచ్చయింది. తర్వాత ఆయన దాన్ని దాదాపు కొత్త నాటకం అనిపించేంతగా తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ మనం చదివేది, ఆడేది ఆ రెండో కూర్పునే. మొదటిది అలా జనంలోకి వచ్చి ఉండకపోతే రెండోదానికి పునాదే లేదు. మొదటి ప్రతి లోపాలతో పూర్తికావడం రచయిత అసమర్థత కాదని ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఆచరణలో ఈ విడదీత చిన్న చిన్న నియమాలతో సాధ్యమవుతుంది. చిత్తుప్రతి కాగితానికి ఒకవైపే రాయాలి, వరుస విడిచి వరుస రాయాలి. ఆ రోజు కొట్టివేత ఉండకూడదు. నచ్చని మాట కింద గీత గీసి ముందుకు వెళ్లాలి. పేరు, తేదీ, ధర వంటివి గుర్తు రాకపోతే ఖాళీ వదిలి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాలి. తిత్లీ తుపాను ఏ నెలలో వచ్చిందో చూద్దామని ఫోన్ తీసినవాళ్లకు, 2018 అక్టోబరు అని పది సెకన్లలో దొరుకుతుంది. ఆ ఫోన్ కింద పెట్టడానికి అరగంట పడుతుంది. దిద్దుబాటు కనీసం రెండు రోజుల తర్వాత, వేరే రంగు పెన్నుతో, వీలైతే వేరే చోట కూర్చుని చేయాలి. బయటికి చదువుతూ దిద్దితే ఊపిరి ఆడని వాక్యాలు వాటంతటవే పట్టుబడతాయి.

కొన్నిసార్లు వాక్యం ఆగడానికి భాషతోనూ, దిద్దే చెయ్యితోనూ సంబంధం ఉండదు. రాసేవాళ్లకు ఆ విషయం తెలియదు, అంతే. పలాస జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే ఆమె గురించి కథ మొదలుపెట్టి, ఆమె ఉదయం ఏడింటికి లోపలికి వెళ్లాక ఏం చేస్తుందో తెలియక ఆగిపోతే, బల్ల దగ్గర ఎంతసేపు కూర్చున్నా ప్రయోజనం లేదు. జీడిపిక్కలను ఉడికించడమో వేయించడమో చేస్తారు, తర్వాత పగలగొడతారు, పప్పును ఆరబెట్టి పొట్టు తీస్తారు, చివరికి పరిమాణాన్ని బట్టి రకాలుగా వేరు చేస్తారు. 320 రకం అంటే పౌండుకు 300 నుంచి 320 పప్పులు తూగేది. పెంకులోని జీడి నూనె చేతికి తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది. ఇవి తెలిశాక ఆ పాత్ర ఏ దశలో పనిచేస్తుందో తేల్చాలి, ఆమె చేతులు ఎలా ఉంటాయో అప్పుడు రాయవచ్చు. అందుకని ఆగిన చోట “నాకు తెలియనిదేమిటి?” అని రాసి, కింద ఐదు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ ఐదింటితో ఆ పని చేసేవాళ్లను కలిస్తే గంటలో పని తెముల్తుంది. ప్రశ్నలు లేకుండా వెళ్తే కబుర్లతో తిరిగి వస్తారు.

చిన్న ఊళ్లలో మరో అడ్డంకి ఉంది, అది నిజమైనది, దాన్ని పిరికితనం అని కొట్టిపారేయకూడదు: “ఇది చదివితే మా వీధిలో వాళ్లు గుర్తుపడతారు.” పేరొక్కటి మారిస్తే సరిపోదు, సంఘటనను బట్టి ఊరంతా పోల్చుకుంటుంది. చిత్తుప్రతిలో ఉన్నదున్నట్టు రాసేయాలి, దాన్ని ఎవరికీ చూపకూడదు. రెండో ప్రతిలో మనిషి వృత్తి, కుటుంబంలో ఎవరెవరున్నారు, ఊరు, ఈ మూడూ మార్చాలి. వృత్తి మారితే సంఘటన కూడా కొంత మారక తప్పదు. అలా మారాక కూడా కథ నిలబడితే అది ఆ వ్యక్తి మీద ఫిర్యాదు కాదు, కథే.

పది నిమిషాలే దొరికేవాళ్లకు

రాతకు విడిగా గది, గంట నిశ్శబ్దం కావాలనే సలహాలు ఎక్కువమంది ఆడవాళ్ల జీవితానికి సరిపోవు. పిల్లలు బడికి వెళ్లాక దొరికే పది నిమిషాలు, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడే పదిహేను నిమిషాలు వాళ్లకున్న కాలం. అంత తక్కువ వ్యవధిలో కథ నిర్మాణం గురించి ఆలోచించడం దండగ. ఒక సంభాషణ రాయవచ్చు, ఒక మనిషి నడకను మూడు వాక్యాల్లో పట్టుకోవచ్చు. రాత్రే తర్వాతి చిన్న పని ఏమిటో ఒక్క వాక్యంలో రాసిపెట్టుకుంటే (“అత్త డబ్బు లెక్కపెట్టే సన్నివేశం, నాలుగు మాటలు”) ఆ పది నిమిషాల్లో ఒక్కటి కూడా తడుముకోవడానికి పోదు. కదిలే బస్సులో రాయడం కళ్లకు, దస్తూరీకి మంచిది కాదు; రాసినదాన్ని చదివి రికార్డు చేసుకుని ఉంటే ప్రయాణంలో వినవచ్చు.

రాసినది వినిపించడానికి మొదట ఒక్కరు చాలు. “ఎలా ఉంది?” అని అడిగితే “బాగుంది” అంటారు, దాంతో చేయగలిగిందేమీ లేదు. “ఎక్కడ ధ్యాస తప్పింది?”, “ఎవరు ఎవరో ఎక్కడ తెలియలేదు?” అని అడగాలి. నలుగురైదుగురు పదిహేను రోజులకోసారి కలిసి, వచ్చేసారి ఎవరు చదవాలో ముందే పేరు రాసి పెట్టుకుంటే అది మంచి గడువుగా పనిచేస్తుంది. పూర్తయిన కథే తేవాలన్న నియమం పెడితే రెండో సమావేశానికే జనం పల్చబడతారు. రెండు పేజీలు తెచ్చినా సరే అనాలి.

విరామం వచ్చినప్పుడు

నాట్లు, కోతలు, పరీక్షల పేపర్లు దిద్దడం, పైడితల్లమ్మ సిరిమానోత్సవం, సంక్రాంతికి వచ్చే బంధువులు: ఈ జిల్లాల్లో ఏడాదిలో కనీసం మూడు నాలుగుసార్లు రాత ఆగక తప్పదు. ఆ రోజుల్లో తప్పు చేస్తున్నట్టు బాధపడటం వల్ల, తిరిగి మొదలుపెట్టడం మరింత బరువవుతుంది. సెలవును ముందే ప్రకటించుకోవడం మేలు. “కనుమ మర్నాటి దాకా రాయను” అని నోటుబుక్కులో తేదీ వేస్తే అది వాయిదా కిందికి రాదు. ఆపే రోజున పేరా పూర్తిచేయకుండా, తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోట సగం వాక్యంలో ఆపాలి.

వేరే సంగతి ఒకటి చెప్పుకోవాలి. రాత మీదే కాకుండా తిండి, నిద్ర, మనుషులు, దేని మీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు దాటితే అది రైటర్స్ బ్లాక్ కాకపోవచ్చు. అప్పుడు అలవాట్లతో కుస్తీ పట్టకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది.

మామూలు విరామం తర్వాత మొదటి రోజున రాసినదంతా మొదటి నుంచి చదవకూడదు. చదివితే దిద్దాలనిపిస్తుంది, దిద్దితే ఆ రోజు అక్కడే అయిపోతుంది. చివరి పేరా ఒక్కటి తీసి, కొత్త కాగితం మీద చేత్తో మళ్లీ ఎత్తి రాయాలి. సగంలో ఆపిన వాక్యం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వేడెక్కి ఉంటుంది, ఆ వాక్యాన్ని పూర్తిచేసి మరో ఐదు రాయాలి. ఆరో వాక్యం వస్తున్నా మొదటి రోజుకు ఆపేయాలి, రెండో రోజు పది. పేజీ లెక్కకు వారం తర్వాతే రావాలి. మూడుసార్లు ఇలా ఎత్తి రాసినా ముందుకు కదలని కథ ఉంటే దాన్ని ఒక కవరులో పెట్టి, పైన ఈనాటి తేదీ, మళ్లీ తెరవాల్సిన తేదీ రాసి, మర్నాడే వేరేది మొదలుపెట్టాలి.